పాత రైలు పెట్టె తలుపు పట్టేస్తే: నా అనుభవం

ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో రోజువారీ ఆవిరి రైళ్లు 1966 చివర్లో ఆగిపోయాయి. ఔత్సాహికులు 1971 నుంచి హేవెన్‌స్ట్రీట్‌లో వాటిని మళ్లీ నడుపుతున్నారు. 1891 నాటి కాల్బోర్న్ ఇంజను ఇప్పటికీ అక్కడే ఉంది. అక్కడి షెడ్డులో నేను స్వచ్ఛందంగా వడ్రంగం పని చేస్తాను.

ఒక చెక్క పెట్టె తలుపు సరిగా మూసుకోవడం లేదు. సముద్రపు తేమకు ఉబ్బిందేమో, చిత్రిక పడదామన్నారు తోటివాళ్లు. నేను వద్దన్నాను. నూరేళ్ల నాటి చెక్కను గీసేస్తే మళ్లీ రాదు. పైగా ఉబ్బితే అంచు పొడవునా పట్టాలి. ఇది గొళ్లెం వైపు కింది మూలలోనే రాసుకుంటోంది. అంటే తలుపు కిందికి జారింది. తెరిచి చివర పట్టుకుని ఎత్తితే పై బందు కదిలింది. స్క్రూ రంధ్రాలు అరిగిపోయాయి.

తలుపు కింద చెక్కముక్కలు పెట్టి సరైన ఎత్తులో నిలిపాను. బందు విప్పి, రంధ్రాలు పెద్దవి చేసి, గట్టి చెక్క చీలలు జిగురుతో దిగగొట్టాను. మర్నాడు వాటిని ఉలితో సమం చేసి, సన్నటి రంధ్రాలు వేశాను. ఇత్తడి స్క్రూ మెత్తన, ఊరికే విరుగుతుంది. అందుకే ముందు అదే కొలత ఉక్కు స్క్రూతో దారి చేసుకోవాలి.

తలుపు వేసి, గొళ్లెం పూర్తిగా పడిందని బయటినుంచి లాగి చూశాకే పెట్టెను ప్రయాణికులకు వదిలాం.