హై రిస్క్ ప్రెగ్నెన్సీ ఫెలోషిప్ చేద్దామనుకుంటున్నారా, ముందు ఇవి చూస్కోండి

గైనిక్ పీజీ అయిపోయి తర్వాత ఏంటి అని ఆలోచిస్తున్న జూనియర్లు నన్ను ముందు అడిగేది ఒక్కటే, మేడం అక్కడ ప్రొసీజర్లు ఎన్ని దొరుకుతాయి అని. తప్పేం కాదు, నేనూ అదే అడిగాను ఆ వయసులో. కానీ ఈ సబ్జెక్ట్ పూర్తి పేరు మెటర్నల్ ఫీటల్ మెడిసిన్, అంటే తల్లికీ కడుపులో బిడ్డకీ వైద్యం, అందులో మెటర్నల్ అనే ముక్కే ముందుంది, చాలామంది అది వదిలేసి ఫీటల్ వైపు మాత్రమే నేర్చుకుని బయటికొస్తారు, స్కాన్ అద్భుతంగా చేస్తారు, బీపీ 180 తో ఒకావిడ వస్తే మాత్రం ఫిజీషియన్ కి ఫోన్ కొట్టి పక్కన నిలబడతారు. అలా అవ్వకూడదనుకుంటే సెంటర్ ఎంచుకునే దగ్గర్నుంచే జాగ్రత్త పడాలి.

పేరు చూసి మాత్రం మోసపోకండి. అమెరికాలో 4 ఏళ్ల రెసిడెన్సీ అయ్యాక 3 ఏళ్ల ఫెలోషిప్ ఉంటుంది, బ్రిటన్ లో దీన్ని సబ్‌స్పెషాలిటీ ట్రైనింగ్ అంటారు, ఇంకొన్ని చోట్ల రెండేళ్లు, ఏడాది, చివరికి కొన్ని నెలల స్కాన్ కోర్సుని కూడా ఫెలోషిప్ అనే పిలుస్తారు. స్కాన్ కోర్సు చెడ్డదని కాదు, అది అదే, ఇది ఇదే. మీరు రేపు పనిచేయాలనుకుంటున్న చోట ఆ సర్టిఫికెట్ ని ఎవరు గుర్తిస్తారో అప్లికేషన్ నింపకముందే కనుక్కోండి, నింపాక కాదు.

ఇక సెంటర్ గురించి హెచ్ఓడీని (డిపార్ట్‌మెంట్ హెడ్ ని) అడిగితే ఏం చెప్తారు, అన్నీ ఉన్నాయనే చెప్తారు. ఇప్పుడు అక్కడ ఉన్న ఫెలోకి, ఇంకా మంచిది పోయినేడాది బయటికొచ్చిన ఫెలోకి ఫోన్ చేయండి. చేసి "ఆమ్నియోలు (సూదితో ఉమ్మనీరు తీసే పరీక్షలు) బాగా అవుతాయా" అని అడగొద్దు, "పోయిన నెల ఎన్ని ఆమ్నియోలు అయ్యాయి, అందులో ఎన్నింటికి సూది మీ చేతిలో ఉంది" అని అడగండి. ఆ రెండో అంకె దగ్గర అవతలి మనిషి కాసేపు ఆగితే మీకు జవాబు వచ్చేసినట్టే. నేను మొదట చేరిన చోట అయిదో నెల దాకా నా పని జెల్ వేయడం, రిపోర్ట్ టైప్ చేయడం, ఆ తర్వాత మారాను, కానీ ఆ అయిదు నెలలు పోయినట్టే కదా. ఇంకా అడగాల్సినవి, అక్కడ లేబర్ రూమ్ ఉందా, ఐసీయూ ఉందా, ఎన్ఐసీయూ (అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూ) అదే బిల్డింగ్ లో ఉందా, రాత్రి కాల్ లో ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) వస్తే ఫెలోని పిలుస్తారా. ఉత్త స్కాన్ సెంటర్ అయితే 28 వారాల దగ్గర ఎదుగుదల ఆగిపోయిన బిడ్డని చూస్తారు, డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) రాస్తారు, పంపిస్తారు, ఆ తర్వాత ఏమైందో మీకు ఎప్పటికీ తెలీదు. తెలియకుండా వంద చూసినా ఒకటే, పది చూసినా ఒకటే.

చేరాక మొదటి మూడు నెలలు స్కానే స్కాన్. ఎన్‌టీ (బిడ్డ మెడ వెనక ఉండే నీటి పొర మందం) తోనే మొదలుపెట్టండి, చూడ్డానికి ఈజీ గానే ఉంటుంది గానీ మనిషి పొగరు దింపేస్తుంది. సీఆర్ఎల్ (తల నుంచి పిరుదుల దాకా బిడ్డ పొడవు) 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, తల, ఛాతీ పైభాగం మాత్రమే స్క్రీన్ నిండా వచ్చేంత జూమ్ చేయాలి, బిడ్డ తల మరీ వెనక్కి వాలకూడదు, గడ్డం ఛాతీకి ఆనకూడదు, సరిగ్గా మధ్య సెక్షన్ అని చెప్పడానికి ముక్కు కొన, అంగిలి కనపడాలి, అప్పుడు కాలిపర్ ని (స్క్రీన్ మీద కొలిచే గుర్తుని) తెల్ల గీత మీద పెట్టాలి, నల్ల ఖాళీలో కాదు. కాలిపర్ ఒక్కసారి కదిపితే 0.1 మిల్లీమీటర్ మారుతుంది, 3.5 దాటితే ఆ తల్లి కథే మారిపోతుంది, అంత సన్నటి గీత మీద నడుస్తున్నాం అనమాట. మెడ వెనక ఆమ్నియాన్ (ఉమ్మనీటి సంచి) పొరని చర్మం అనుకుని కొలిచేయడం అందరూ చేసే తప్పు, బిడ్డ కదిలేదాకా ఆగండి, కదిలితే చర్మం బిడ్డతో వెళ్తుంది, ఆమ్నియాన్ అక్కడే ఉండిపోతుంది. ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ అనే లండన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కోసం మన ఇమేజ్ లు పంపాలి, వాళ్లు చూసి సరిగ్గా లేకపోతే తిప్పి పంపిస్తారు. తిప్పి పంపినప్పుడు ఫీలవ్వకండి, బాస్ మొహమాటానికి చెప్పనివి వాళ్లు చెప్తారు.

డాప్లర్ లో కూడా అంతే, మెషీన్ ఇచ్చిన అంకెని నమ్మేముందు యాంగిల్ చూడండి. ఆర్‌హెచ్ కేసుల్లో, అంటే తల్లి రక్తానికి బిడ్డ రక్తం పడనప్పుడు, బిడ్డకి రక్తం తగ్గిందా అని మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీలో వేగం కొలుస్తాం, 1.5 ఎంఓఎం (ఆ వారానికి ఉండే మధ్యస్థ విలువకి ఒకటిన్నర రెట్లు) దాటితే సీరియస్. అక్కడ యాంగిల్ సున్నాకి దగ్గరగా లేకపోయినా, బిడ్డ కదులుతున్నప్పుడు కొలిచినా అంకె తప్పొస్తుంది, ఆ తప్పు అంకెతో బిడ్డకి అక్కర్లేని సూది గుచ్చుతాం, లేకపోతే గుచ్చాల్సిన టైమ్ దాటిపోతుంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన సబ్జెక్ట్, సూది. ఆమ్నియో 15 వారాలు నిండాకే, సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష) 11 వారాల నుంచి, అంతకంటే ముందు వద్దు. పేషెంట్ దగ్గరికి వెళ్లేముందు జెలటిన్ తో చేసిన ఫాంటమ్ (ప్రాక్టీస్ నమూనా) మీద కనీసం కొన్ని వారాలు చేయండి. నిజానికి సూది పట్టుకున్న చెయ్యి త్వరగానే నేర్చుకుంటుంది, స్కాన్ ప్రోబ్ పట్టుకున్న చెయ్యే కష్టం, టెన్షన్ లో అది మనకి తెలీకుండానే పక్కకి జరుగుతుంది, సూది కొన స్క్రీన్ మీద మాయం, అప్పుడు చాలామంది సూదిని కదుపుతారు, కదపొద్దు, సూది ఆపి ప్రోబ్ తో వెతకండి. పొర దగ్గర భయపడి మెల్లగా తోస్తే పొర గుడారంలా ముందుకి సాగుతుంది గానీ చిరగదు, అక్కడ ఒక్క తోపు, నిదానంగా కాదు, ధీమాగా. మొదటి ఒకటి రెండు ఎంఎల్ పారేయాలి, తల్లి కణాలు కలిసుంటాయి కాబట్టి. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే యాంటీ డీ ఇంజెక్షన్ సంగతి చూడకుండా పంపొద్దు. బిడ్డకి రక్తం ఎక్కించడం, కవలల్లో లేజర్ చేయడం లాంటివి ఫెలోషిప్ లో చూస్తారు, అసిస్ట్ చేస్తారు, బయటికి రాగానే సొంతంగా చేసేస్తాం అనుకోకండి, పెద్ద సెంటర్లలోనూ అవి తక్కువే.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు, తల్లి వైపు. స్కాన్ రూమ్ ఏసీలో ఉంటుంది, లేబర్ రూమ్ ఉండదు, అందుకే ఫెలోలు అటే అతుక్కుపోతారు, వారంలో కొన్ని రోజులు హెచ్‌డీయూలో (సీరియస్ తల్లుల్ని దగ్గరుండి చూసే వార్డులో) వేయమని మీరే అడగండి. బీపీ 160/110 దాటి 15 నిమిషాల తర్వాత కూడా తగ్గకపోతే అది ఎమర్జెన్సీ, 30 నుంచి 60 నిమిషాల్లోపు మందు లోపలికి వెళ్లాలి, ల్యాబెటలాల్ అయినా, హైడ్రలజీన్ అయినా, నోటి ద్వారా నిఫెడిపిన్ అయినా. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఐవీలో 4 గ్రాముల లోడింగ్, తర్వాత గంటకి ఒక గ్రాము, ఇది పుస్తకంలో ఉంటుంది. ఆ డోస్ ని మీరే కలిపి, మీరే ఎక్కించి, గంటగంటకీ మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, యూరిన్ చూసుకుంటూ పక్కన దాని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పెట్టుకుని ఒక రాత్రి కూర్చోవడం మాత్రం పుస్తకంలో ఉండదు. గుండె వాల్వ్ సన్నబడిన తల్లి కాన్పు అయిపోయింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకునే టైమ్ లోనే ఆవిడకి ఊపిరి ఆడదు, గర్భసంచిలోని రక్తం ఒక్కసారిగా వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అది ఒక్కసారి కళ్లారా చూస్తే డెలివరీ తర్వాత 24 గంటలు ఆ మంచం వదలరు. కార్డియాలజీ ఎకో రూమ్ లో రెండు వారాలు, ఐసీయూలో ఓ నెల పోస్టింగ్ ఇవ్వమని రాసివ్వండి, అడగకపోతే ఎవరూ పంపరు.

మాట్లాడటం కూడా ఒక ప్రొసీజరే, దానికి ఫాంటమ్ లేదంతే. స్కాన్ లో ఏదో తేడా కనపడగానే మనం సైలెంట్ అయిపోతాం, మానిటర్ ని మన వైపు తిప్పుకుంటాం, పడుకున్నావిడ మాత్రం మన మొహమే చూస్తూ ఉంటుంది. అప్పుడు "ఒకటి కనపడుతోందమ్మా, పూర్తిగా చూసుకున్నాక కూర్చుని చెప్తాను" అనేస్తే చాలు. తర్వాత ఆవిడ లేచి, జెల్ తుడుచుకుని, కుర్చీలో కూర్చున్నాకే చెప్పండి, సగం బట్టలతో పడుకున్న మనిషికి ఏ వార్తా చెప్పకండి. వందలో ఒకరికి వస్తుంది అన్నాక, వందలో తొంభై తొమ్మిది మందికి రాదు అని కూడా అనండి, రెండూ ఒకటే అయినా వినేవాళ్లకి ఒకటి కాదు. "మా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు డాక్టర్" అని తప్పకుండా అడుగుతారు, మా బాస్ ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా "మీకు అన్నిటికంటే భయం దేనికి" అని తిరిగి అడిగేవారు, నేను అది అలాగే కాపీ కొట్టాను, ఇప్పటికీ పనిచేస్తోంది.

రీసెర్చ్ ని చివరి ఏడాదికి వాయిదా వేస్తే గోవిందా. ఎథిక్స్ కమిటీకే నెలలు పడతాయి, కాబట్టి మొదటి మూడు నెలల్లో ప్రశ్న తేల్చుకోండి, మీ సెంటర్ రికార్డుల్లోనే జవాబు దొరికే చిన్న ప్రశ్న. చిన్నదంటే చిన్నచూపు వద్దు. స్టెరాయిడ్ ఇచ్చాక నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్ల బతకాల్సిన దానికంటే ఎక్కువసేపు ఎందుకు ఊపిరి తీసుకుంది అని న్యూజిలాండ్ డాక్టర్ లిగ్గిన్స్ కి వచ్చిన అనుమానమే 1972లో ఆయన, హోవీ కలిసి వేసిన స్టెరాయిడ్ పేపర్ దాకా వెళ్లింది, నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఈరోజు మనం రాసే బీటామెథసోన్ రెండు డోసులు అక్కడ్నుంచి వచ్చినవే. 2017లో వచ్చిన యాస్ప్రీ ట్రయల్ అయితే, మొదటి మూడు నెలల స్క్రీనింగ్ లో రిస్క్ తేలినవాళ్లకి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే 37 వారాల్లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా (గర్భంతో వచ్చే బీపీ జబ్బు) 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని చూపించింది. జర్నల్ క్లబ్ లో ఇలాంటివి రిజల్ట్ వరకు చదివి ఆపేయకుండా, ఎవర్ని తీసుకున్నారు, ఎవర్ని వదిలేశారు అనేది కూడా చూడండి.

లాగ్‌బుక్ మొదటి రోజే తెరవండి. తేదీ, వారాలు, ఎందుకు చేశాం, మాయ ముందుందా వెనకుందా, సూది ఎన్నిసార్లు వెళ్లింది, ఎవరు చేశారు, ఇవన్నీ అందరూ రాస్తారు, మీరు ఇంకో కాలమ్ పెట్టండి, చివరికి ఏమైంది అని. డెలివరీ డేట్ దాటాక రిజిస్టర్ చూసో, అనుమతి ఉంటే ఫోన్ చేసో అది నింపండి, పేషెంట్ల పేర్లు మాత్రం మీ సొంత ల్యాప్‌టాప్ లో పెట్టొద్దు, హాస్పిటల్ నంబర్ చాలు. నా లాగ్‌బుక్ లో ఆ కాలమ్ నింపడం మొదలుపెట్టాకే తెలిసింది, నేను ఎదుగుదల తక్కువ అని రాసిన బిడ్డల్లో చాలామంది మామూలు బరువుతోనే పుట్టారని, పొట్ట చుట్టుకొలత నేను తప్పుగా కొలుస్తున్నానట ఇన్నాళ్లూ. ఇంకోటి, సంతకాలు ఏ నెలవి ఆ నెల పెట్టించుకోండి, ఆఖరి వారంలో రెండేళ్ల పేజీలు పట్టుకుని వెళ్తే ఆ కన్సల్టెంట్ అప్పటికే ఇంకో హాస్పిటల్ లో ఉంటారు.