బంధం తెంచుకునే రాక్ పాటకు అర్థం ఎలా చెప్పుకోవాలి?

ఇయర్‌ఫోన్లు, తెల్ల కాగితం, పెన్ను చాలు. పెన్ను నీలం రంగుదే కావాలి. ఎర్రదైతే పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టుంటుంది. పాట కోసం బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ 1984లో తెచ్చిన ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’ (తెంచుకోవాలనుంది) తీసుకుందాం.

వీడియో మాత్రం ఇప్పుడే చూడొద్దు. పాట పాడిన మీసాల ఫ్రెడ్డీ మెర్క్యురీ ఆడవేషంలో వాక్యూమ్ క్లీనర్ తోస్తుంటే నవ్వుకుంటూ పాటను వదిలేస్తారు. విని, మాటలు చేత్తో రాసుకోండి. ఫోన్‌తో అనువాదం చేయిస్తే నాకొకసారి ‘ఫ్రీ’కి ‘ఉచితం’ అని వచ్చింది.

తర్వాత పాటలో ‘నేను’ ఎవరో చూసుకోవాలి. కడపలో ఏడు రోడ్ల దగ్గర టీ తాగుతూ మావాళ్లు ‘అది ఫ్రెడ్డీ సొంత కథ’ అని తేల్చేస్తారు. రాసిందేమో అదే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే జాన్ డీకన్! మన తాళ్లపాక అన్నమయ్య అలమేలుమంగ గొంతుతో అలిగితే, అలిగింది అన్నమయ్యే అంటామా? పాడేవాడి జీవితం తవ్వడం మానండి, పాటలో మనిషిని పట్టుకోండి.

ఇక అందరూ చెడగొట్టే చోటు. మొదటి చరణంలో అతను నీ అబద్ధాలు చాలు, నువ్వు నాకు అక్కర్లేదు అంటాడు. అంతవరకు విని ‘ధైర్యవంతుడి పాట’ అనేస్తారు. ఆగండి. కాస్త ముందుకెళ్తే, నువ్వు నన్ను ప్రేమించే తీరును మరవలేకపోతున్నా అంటాడు. ఆ తర్వాత నువ్వు పక్కన లేకుండా బతకడం అలవాటు కావట్లేదనీ, ఒంటరిగా బతకాలని లేదనీ అంటాడు. ఇక్కడ రెండో బ్యాచ్ లేచి ‘చూశారా, మళ్లీ దగ్గరికే పోతాడు’ అంటుంది. అదీ తప్పే.

వదిలించుకోవాలనుకున్న మనిషి మీదే బెంగ పెట్టుకోవడం ఆ బంధంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. కాబట్టి ఈ చరణాలను కొట్టేయొద్దు, మొదటి చరణానికి ఎదురు పెట్టొద్దు. రెండూ ఒకే నోటి మాటలే. క్రియల కింద గీత గీయండి: మొదటి చరణంలోనే ‘తెంచుకోవాలనుంది’, ‘తెంచుకోక తప్పదు’ రెండూ ఉన్నాయి, బెంగ చెప్పుకున్నాక ‘తెంచుకోక తప్పదు’ మళ్లీ వస్తుంది. ఈసారి ఆ మాటకు బలం బెంగ వల్లే వచ్చింది.

అక్కడితో లేచిపోకండి. పాట ఆగేముందు అతను మళ్లీ ‘తెంచుకోవాలనుంది’ దగ్గరికే వస్తాడు, అదే మాట పట్టుకుని తిరుగుతాడు. తలుపు దాటినట్టు ఎక్కడా చెప్పడు. ‘తప్పించుకున్నవాడి పాట’ అని రాసుంటే కొట్టేసి ‘గుమ్మం దగ్గర నిలబడ్డవాడి పాట’ అని రాయండి.

ఇప్పుడు కావాలంటే వీడియో పెట్టుకోండి.