లిఫ్టర్ పోయిన బైక్ ఇంజన్‌ని తిరిగి కట్టడం ఎలా?

టకటక శబ్దం వస్తుంది, విప్పి చూస్తే లిఫ్టర్ (వాల్వ్‌లని తెరిపించే క్యామ్ ఇరుసు మీద ఆని, ఆ కదలికని పైకి పంపే చిన్న పార్టు) పోయి ఉంటుంది. చాలామంది కొత్త లిఫ్టర్లు వేసి, ఆయిల్ మార్చి, శబ్దం ఆగింది కదా అని బండి తోలేస్తారు. కొన్నాళ్లకే ఆయిల్ పంపు పోతుంది, ఆ తర్వాత క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు). ఇలా రెండోసారి విప్పాల్సి వచ్చిన ఇంజన్లు నా చేతికి చాలానే వచ్చాయి. ప్రతిసారీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే మొదటిసారే ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది.

నేను చెప్పేది పుష్‌రాడ్లు (లిఫ్టర్ నుంచి వాల్వ్ వైపు తోసే కడ్డీలు), లోపల ఆయిల్ నిండి ఉండే హైడ్రాలిక్ రోలర్ లిఫ్టర్లు ఉన్న ఇంజన్ల గురించి. హార్లీ డేవిడ్సన్ ట్విన్ క్యామ్, మిల్వాకీ ఎయిట్ లాంటివి. రెండింటిలోనూ నాలుగు లిఫ్టర్లే ఉంటాయి.

సామాన్లు

టార్క్ రెంచ్, డయల్ గేజ్, ఆయిల్ ఫిల్టర్ కట్టర్, బలమైన అయస్కాంతం, కిరోసిన్, కంప్రెసర్ గాలి, పూర్తి గ్యాస్కెట్ సెట్. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ లేకుండా బోల్టు మీద పానా పెట్టకండి.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఆయిల్ దించి శుభ్రమైన ట్రేలో ఉంచండి, పారబోయొద్దు. రాకర్ బాక్సులు (హెడ్ల పైనుండే డబ్బాలు), పుష్‌రాడ్లు, హెడ్లు, బోర్లు (సిలిండర్లు), క్యామ్ కవర్ వరుసగా తీయండి. బోర్లు తీయగానే క్రాంక్ కేస్ నోరు గుడ్డతో మూసేయండి.

మెటల్ ఎక్కడెక్కడికి పోయింది?

పనంతా ఇక్కడే ఉంది. లిఫ్టర్ అడుగున రోలర్, దాని లోపల సన్నని సూదుల బేరింగ్ ఉంటాయి. ఆ సూదులు అరిగి విరిగితే రోలర్ తిరగడం మానేసి క్యామ్‌ని గీకుతుంది. విరిగిన ముక్కలు గట్టిపరిచిన ఉక్కు. అవి క్యామ్ గదిలో పడతాయి, పంపు రిటర్న్ వైపు వాటిని లాగుతుంది, అక్కడి నుంచి ఆయిల్ ట్యాంక్‌కి చేరతాయి. ఫిల్టర్ ఉంది కదా అనుకోకండి. ఫిల్టర్‌కి రాకముందే పంపు వాటిని నమిలేసి ఉంటుంది. పైగా చాలా ఫిల్టర్లలో బైపాస్ వాల్వ్ ఉంటుంది. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నా, ఫిల్టర్ పూడుకున్నా, వడపోత లేకుండానే ఆయిల్ లోపలికి పోతుంది.

ముందు ఫిల్టర్‌ని కట్టర్‌తో కోయండి. హ్యాక్సా వాడొద్దు, దాని రజను కూడా అందులో పడి మిమ్మల్ని తికమక పెడుతుంది. లోపలి కాగితం మడతలు విప్పి కిరోసిన్‌లో కడిగి, ఆ కిరోసిన్‌లో అయస్కాంతం తిప్పండి. అంటుకున్నది ఉక్కు: సూదులు, రోలర్, క్యామ్. అంటుకోకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం, అంటే పిస్టనో పంపు బాడీనో గీసుకుపోయింది. పసుపు రంగులో ఉంటే బుష్ అరిగింది. ఈ లెక్క తేలకుండా ఒక్క పార్టు కూడా కొనకండి.

తర్వాత క్రాంక్. కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని నిలువుగా పైకి కిందికి లాగి చూడండి. పక్కకి కొంచెం కదిలితే ఫర్వాలేదు, మాన్యువల్‌లో హద్దు ఉంటుంది. నిలువు దిశలో మాత్రం చేతికి ఆట (వదులు) తెలియకూడదు. తెలిస్తే, లేదా రాడ్‌ని తిప్పేటప్పుడు ఇసుక నలిగినట్టు అనిపిస్తే, పైపై పనితో ఆ ఇంజన్ బతకదు. క్రాంక్ మార్చాలి, లేదంటే ఇంజన్ మొత్తం మార్చడమే మేలు. పినియన్ షాఫ్ట్ (క్యామ్ వైపు క్రాంక్ కొస) రనౌట్‌ని, అంటే తిరిగేటప్పుడు ఎంత వంకరగా ఊగుతుందో, కూడా డయల్ గేజ్‌తో చూడండి.

క్రాంక్ బాగుంటే కడగడం మొదలుపెట్టండి. ప్రతి ఆయిల్ దారిలోనూ కిరోసిన్ కొట్టి, గాలి కొట్టి, బయటికొచ్చింది తెల్ల గుడ్డ మీద పట్టి చూడండి. ఒకసారి ఒక ఇంజన్‌లో నాలుగు సార్లు గాలి కొట్టినా ఏమీ రాలేదు. అనుమానంతో ఆయిల్ పైపు కూడా విప్పి దులిపితే, వంపు దగ్గర నుంచి విరిగిన సూది ముక్క ట్రేలో టంగుమని పడింది. గోరు అంచంత ఉంది. పంపు పళ్ల మధ్యకి పోవడానికి ఆ ముక్క చాలు. అందుకే పైపులు కొత్తవే వేయాలి. ఆయిల్ కూలర్ ఉంటే పారేయాల్సిందే, దాని సన్నని దారులు ఎంత కడిగినా నమ్మలేం. ట్యాంక్ బయటికి తీసి కడగండి. పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్లు ఒక్కొక్కటీ చూడండి.

ఫ్లషింగ్ ఆయిల్ పోసి ఐదు నిమిషాలు ఇంజన్ నడిపితే చాలని కొందరు చెబుతారు. దయచేసి చేయకండి. మిగిలిన మెటల్‌ని మళ్లీ ఇంజనంతా తిప్పినట్టే అవుతుంది.

తిరిగి కట్టడం

ఒక్క లిఫ్టర్ పోయినా నాలుగూ మార్చాలి. గీత పడిన క్యామ్, దాని బేరింగులు, ఆయిల్ పంపు కొత్తవి వేయండి. ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ (ఆయిల్ ఒత్తిడి మితిమీరితే వదిలేసేది) దాని గదిలో అడ్డం లేకుండా జారుతుందో లేదో చూడండి. పుష్‌రాడ్లని అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే ఎగురుతాయి.

పుష్‌రాడ్ వేసేటప్పుడు ఆ సిలిండర్ లిఫ్టర్లు రెండూ క్యామ్ పల్లంలో, అంటే ఉబ్బు లేని వైపు ఉండాలి. ఆయిల్ నిండిన లిఫ్టర్ వెంటనే కుంగదు, వాల్వ్ తెరుచుకునే ఉంటుంది. ఆ స్థితిలో ఇంజన్ తిప్పితే వాల్వ్ పిస్టన్‌కి తగిలి వంగుతుంది. పుష్‌రాడ్ రెండు వేళ్ల మధ్య సులువుగా తిరిగే దాకా ఆగండి. అరగంట పట్టినా సరే.

మొదటి స్టార్ట్

స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ కనిపించే వరకు స్టార్టర్‌తో తిప్పండి. అప్పుడే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. 80 కిలోమీటర్లు నిదానంగా నడిపి ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌నీ కోసి చూడండి. సన్నని బూడిదలాంటిది కనిపిస్తే కొత్త పార్టులు ఒదుగుతున్నట్టు. అయస్కాంతానికి వేలికి గుచ్చుకునే ముక్క అంటుకుంటే, బండి అక్కడే ఆపి క్యామ్ కవర్ మళ్లీ విప్పండి.