బొమ్మను నల్లగా నింపి చూడండి
ఫాంటసీ మాంగా (జపాన్ బొమ్మల కథ) కోసం పాత్రలు గీస్తున్నారా? ముఖం, నగలు దిద్దకముందే బొమ్మ మొత్తాన్ని నల్ల సిరాతో నింపి, కాస్త దూరంగా పెట్టి చూడండి. ఆ నీడను బట్టే ఎవరో తెలిసిపోతే రూపం కుదిరినట్టే. జపాన్ పత్రికల్లో మాంగా పేజీలు చాలావరకు నలుపు తెలుపుల్లోనే అచ్చవుతాయి. అందుకే జుట్టుకు దొరికేవి ముఖ్యంగా మూడే: నిండు నలుపు, వట్టి తెలుపు, చుక్కల టోను (చిన్న చుక్కలతో బూడిద రంగులా కనిపించే నింపు). 1989లో ధారావాహికగా మొదలైన ‘బెర్సెర్క్’ మాంగాలోని రెండు పాత్రలు చూడండి: గట్స్‌కు నల్లని దుస్తులు, మనిషంత పొడవున్న కత్తి, గ్రిఫిత్‌కు తెల్లని జుట్టు, మెరిసే కవచం. ఎంత గందరగోళపు యుద్ధంలోనైనా కన్ను తడబడదు. నాకెంతో ఇష్టమైన ఎంపిక అది. నగిషీలు మాత్రం తగ్గించండి, ప్రతి గడిలోనూ వాటిని మళ్ళీ గీయాలి.