బిడ్డ ప్రమాదంలో ఉన్నప్పుడు అత్యవసర సంరక్షణ ఉత్తర్వు కోరే విధానం

బిడ్డ ఒంటిమీద వాతలు కనిపించిన రాత్రి కస్టడీ పిటిషన్ గురించి ఆలోచిస్తూ కూర్చోవలసిన పని లేదు. ఆ రాత్రి జరగవలసినది బిడ్డ ఆ ఇంటినుంచి క్షేమంగా బయటికి రావడం. 112కు గాని, పిల్లల సహాయవాణి 1098కు గాని ఫోన్ చేసి, బిడ్డ వయస్సు, ఇంటి గుర్తులు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఆ సమయానికి ఏమి జరుగుతున్నది అనే విషయాలు చెప్పాలి. గాయాలుంటే తిరుపతిలో రుయా ఆసుపత్రికి, చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి, అవి ఎలా తగిలాయో డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా, నమోదు చేయమని అడగాలి. పరువు పోతుందన్న భయంతో ‘మెట్లమీద జారిపడ్డాడు’ అని చెప్పిన మాట ఆసుపత్రి రికార్డులోకి ఎక్కితే, ఎదుటి పక్షం వకీలు విచారణలో మొదట చదివేది దానినే.

పోలీసులు గాని సహాయవాణివారు గాని కాపాడిన బిడ్డను, ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది. కమిటీ సమావేశంలో లేని వేళలో ఒక్క సభ్యుని ముందైనా హాజరుపరచవచ్చు. తల్లిదండ్రులిద్దరివల్లా ప్రమాదం ఉన్నప్పుడు, లేదా బిడ్డ బాగోగులు చూడవలసినవారే లేనప్పుడు, అవ్వాతాతలకు, మేనమామకు, పిన్నమ్మకు దగ్గరి దారి ఇదే. బిడ్డను తాత్కాలికంగా తమవద్ద ఉంచుకోవడానికి తమను ‘యోగ్యమైన వ్యక్తి’గా గుర్తించమని వారు కమిటీని కోరవచ్చు. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరుగుతుందన్న భయం ఉన్నా, పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ఇంటి పెద్దలు కూర్చుని సర్దిచెప్పే విషయం కాదది.

భర్త, లేదా అత్తవారింటివారు హింసిస్తున్నప్పుడు తల్లికి త్వరగా ఫలించే మార్గం 2005 నాటి గృహ హింస చట్టం. దాని 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, కీడు జరుగుతుందనుకుంటే తండ్రి వచ్చి చూడడాన్ని కూడా నిరాకరించవచ్చు. అయితే ఈ చట్టంలో కస్టడీ కోరిక ఒంటరిగా నిలబడదు. 12వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వో, మరొక ఉపశమనమో కోరుతూ వేసిన అర్జీలో భాగంగానే దీనిని అడగాలి. ఎదుటివారికి నోటీసు అందేలోపే ప్రమాదం జరుగుతుందనుకుంటే 23వ సెక్షన్ కింద అఫిడవిట్ జతపరచి ఏకపక్ష మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. మొదటి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లోపు ఉండాలని చట్టంలో ఉన్నది కాబట్టి, దూరపు తేదీ వేసినప్పుడు ఆ మాట వకీలు ద్వారా కోర్టుకు వినయంగా గుర్తుచేయడంలో తప్పులేదు.

తండ్రికి గృహ హింస చట్టం అక్కరకు రాదు. అతడు 1890 నాటి సంరక్షకులు, వార్డుల చట్టం కింద పిటిషన్ వేసి, దానితోపాటే అదే చట్టం 12వ సెక్షన్ కింద తాత్కాలిక అప్పగింత కోరాలి. ఇక్కడ మన ప్రాంతంవారు తరచు ఇరుక్కునే చిక్కు ఒకటున్నది. బెంగళూరుకో, వేలూరుకో ఇచ్చిన ఆడపిల్ల బిడ్డతో తిరుపతిలోని పుట్టింటికి చేరినప్పుడు, 1890 చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారం ఉంటుంది కాబట్టి, ‘ఇక్కడ కేసు చెల్లదు’ అన్న అభ్యంతరం వస్తుంది. గృహ హింస చట్టం తల్లి తాత్కాలికంగా ఉంటున్న ఊరి మేజిస్ట్రేటుకు కూడా అధికారం ఇచ్చింది గనుక, ఆమె ముందు ఆ తలుపు తట్టడమే మేలు.

అర్జీలో భర్త చెడ్డవాడని పది పేజీలు రాయడంకన్నా, ఏ తేదీన, ఏ వేళకు, బిడ్డకు ఏమి జరిగింది, ఎవరు చూశారు అని రెండు పేజీలు రాయడం ఎక్కువ పనిచేస్తుంది. కోర్టు చూసేది బిడ్డ సంక్షేమం. మొగుడూపెళ్లాల తగవు దానికి సంబంధించినంతవరకే. వైద్యుని చీటీలు, గాయాల ఫోటోలు, బడికి రాని రోజుల హాజరు వివరాలు, అంగన్‌వాడీ కార్యకర్త గాని పొరుగింటివారు గాని చెప్పగల మాటలు జతచేయాలి. బెదిరింపు సందేశాలను ఫోన్‌లోంచి చెరిపివేయకూడదు. ఉత్తర్వు వస్తే బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, ఏ బడికి వెళుతుంది, పగలు ఎవరు చూసుకుంటారు అన్నది కూడా రాయాలి. చాలా అర్జీల్లో ఈ భాగమే ఉండదు. బిడ్డకు మాటలు నేర్పి చెప్పించకండి, పసివాళ్ల నోట పెద్దల మాటలు వినగానే న్యాయమూర్తికి అనుమానం పుడుతుంది.

వకీలు ఫీజు లేదని ఆగిపోనక్కరలేదు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉన్నది. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు.

బిడ్డను ఎత్తుకుపోయి దాచినప్పుడు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయవచ్చుగాని, బిడ్డ ఎదుటివారివద్ద ఉండడం చట్టవిరుద్ధమని చూపించగలిగినప్పుడే అది ఫలిస్తుంది. మీరే మనుషులను వెంటబెట్టుకుని వెళ్లి లాక్కురావడం మాత్రం వద్దు. ఆ ఒక్క పనితో కోర్టు ముందు ముద్దాయి స్థానం మీదవుతుంది.

గృహ హింస చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు నకలును కోర్టు మీకూ, ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కూ రుసుము లేకుండా ఇవ్వాలి. అది చేతికి వచ్చిన రోజే ఒక ప్రతిని బడి ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, బిడ్డను మీకు, మీరు పేరు రాసి ఇచ్చినవారికి తప్ప ఎవరికీ అప్పగించవద్దని రాతపూర్వకంగా కోరండి.