పాత ట్రయంఫ్ టీఆర్6 కొనే ముందు ఫ్రేమ్ వంకర ఎలా పట్టుకోవాలి, వంకర ఉంటే ఏం చెయ్యాలి

ఇక్కడ అమెరికాలో మనవాళ్ళలో కూడా పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కొంతమంది ఉన్నారు, ఎవరైనా బడ్జెట్‌లో మొదలుపెడదాం అంటే నేను చెప్పే మొదటి పేరు ట్రయంఫ్ టీఆర్6, ఇంగ్లాండ్ కంపెనీ చేసిన పైకప్పు లేని రెండు సీట్ల కారు. 1969 నుంచి 76 మోడల్ దాకా వచ్చింది, రెండున్నర లీటర్ల సిక్స్ సిలిండర్ ఇంజన్, తయారైన వాటిలో ఎక్కువ భాగం ఈ దేశానికే వచ్చాయి కాబట్టి బండ్లూ దొరుకుతాయి, పార్టులూ దొరుకుతాయి. కానీ అందరూ పెయింట్ చూస్తారు, ఇంజన్ సౌండ్ వింటారు, సీట్లు చూస్తారు, కింద పడుకుని ఫ్రేమ్ చూసేవాళ్ళు చాలా తక్కువ. అసలు డబ్బంతా పోయేది అక్కడే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఈ బండికి బాడీ వేరు, ఛాసిస్ (అదే ఫ్రేమ్, బండి మొత్తం బరువు మోసే ఇనుప చట్రం) వేరు. 1965లో దీని ముందు మోడల్ టీఆర్4ఏ కోసం వేసిన ఇండిపెండెంట్ సస్పెన్షన్ (వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే) ఛాసిస్‌నే కొద్దిపాటి మార్పులతో చివరిదాకా లాక్కొచ్చారు, పైన బాడీని బోల్టులతో బిగిస్తారు. అంటే పైన తళతళలాడే కొత్త ఫెండర్ వేసేసినా కింద యాభై ఏళ్ళ కిందటి గుద్దుడు అలాగే ఉండొచ్చు. పైగా 17 అక్షరాల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) 1981 మోడల్ నుంచే వచ్చింది, కార్‌ఫాక్స్ లాంటి రిపోర్టులు ఆ నంబర్ మీదే నడుస్తాయి, కాబట్టి ఈ బండికి యాక్సిడెంట్ చరిత్ర ఏ రిపోర్టులోనూ దొరకదు, మీ కళ్ళూ మీ టేపూ తప్ప వేరే దారి లేదు.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి, వంగిన ఫ్రేమ్ వేరు, తుప్పు తిని పుచ్చిన ఫ్రేమ్ వేరు. వంగినదాన్ని లాగి సరిచెయ్యొచ్చు, అప్పటిది మామూలు మైల్డ్ స్టీల్ (మెత్తటి ఉక్కు), మాట వింటుంది. పుచ్చినదాన్ని లాగితే చిరుగుతుంది. ఒహాయో, మిషిగన్ లాంటి మంచు రాష్ట్రాల్లో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కదా, అక్కడ తిరిగిన బండికి వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చెయ్యి) బ్రాకెట్లు బిగించే క్రాస్ మెంబర్‌ని, అంటే ఫ్రేమ్ అడ్డ దూలాన్ని, తుప్పు లోపలి నుంచి తినేస్తుంది, బయట అండర్‌కోటింగ్ (కింద పూసే పూత) నల్లగా బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ వెనక వైపుతో తట్టి వినండి, గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చినది డబ్‌మని మొద్దు సౌండ్ ఇస్తుంది. అడ్డుతగిలే నల్ల కోటింగ్‌ని అమ్మేవాడి పర్మిషన్ అడిగి కొంచెం గీకండి, వద్దంటే మాత్రం ఆ బండి వదిలేయడమే మంచిది.

ఇక వంకర సంగతి. ముందు నాలుగు టైర్లలో గాలి సమానంగా పెట్టించండి, లేకపోతే నేల నుంచి ఫ్రేమ్‌కి రెండు పక్కలా కొలిచే ఎత్తుల కొలత అంతా తప్పు. తర్వాత స్టీరింగ్ తిన్నగా పెట్టి ముందు హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి రెండు వైపులా కొలవండి, 88 అంగుళాలు రావాలి. రెండు వైపులకీ తేడా ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే నేను పట్టించుకోను, పావు అంగుళం దాటితే మాత్రం కారణం తెలిసేదాకా డబ్బులు తియ్యొద్దు. తేడా కనపడగానే ఫ్రేమే అని కంగారు పడకండి కూడా, ముందు వైపు అయితే లోయర్ విష్‌బోన్ ఆర్ములు (చక్రాన్ని కింద నుంచి ఫ్రేమ్‌కి కలిపేవి), వర్టికల్ లింక్ (చక్రం వెనక నిలువు ముక్క) వంగి ఉండొచ్చు, బుష్‌లు (కీళ్ళలో ఉండే రబ్బరు తొడుగులు) అరిగిపోయి ఉండొచ్చు, అవన్నీ విప్పి మార్చేసుకునే పార్టులు.

అసలు పరీక్ష గుండుతో. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీస్తారే ఆ గుండు, హార్డ్‌వేర్ షాపులో చవగ్గానే వస్తుంది. బండిని చదునైన కాంక్రీట్ మీద నాలుగు స్టాండ్ల మీద పెట్టి, ఫ్రేమ్ మీద ఎడమా కుడీ ఒకేలా ఉండే పాయింట్లు ఎంచుకోండి: ముందు లోయర్ విష్‌బోన్ బ్రాకెట్ బోల్టులు, మధ్యలో బాడీ మౌంట్లు (బాడీని బిగించే చోట్లు), వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బ్రాకెట్ బోల్టులు, ఫ్రేమ్ చివరి కొసలు. ప్రతి పాయింట్ నుంచి గుండు వదిలి, అది ఊగడం ఆగాక కింద మాస్కింగ్ టేప్ అతికించి పెన్సిల్‌తో చిన్న ప్లస్ గుర్తు పెట్టండి. అన్నీ అయ్యాక బండిని స్టాండ్ల మీద నుంచి దించి పక్కకి తోసేస్తే నేల మీద మీ ఫ్రేమ్ బొమ్మ ఉంటుంది, ఇప్పుడు ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి ఐమూలగా కొలవండి, రెండూ సమానం కాకపోతే ఫ్రేమ్ పక్కకి ఒరిగింది. తర్వాత ముందు జత మధ్య బిందువు, వెనక జత మధ్య బిందువు కలిపి సుద్ద దారం కొట్టండి, మిగతా జతల మధ్య బిందువులన్నీ ఆ గీత మీదే పడాలి, ఎక్కడ నుంచి గీత తప్పుతుందో వంపు అక్కడ మొదలైంది. ఫ్యాక్టరీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఛాసిస్ కొలతల బొమ్మ ఉంటుంది, దాంతో కూడా పోల్చుకోండి.

మెలిక తిరిగిందేమో చూడటానికి టేపు పనికిరాదు. రెండు తిన్నటి ఇనుప యాంగిల్స్ తీసుకుని ఒకటి ముందు, ఒకటి వెనక ఫ్రేమ్ రెయిల్స్‌కి (రెండు పక్కలా ఉండే పొడుగు దూలాలకి) కింద అడ్డంగా క్లాంప్ చేసి, దూరంగా నేల మీద పడుకుని ఒక కన్ను మూసి చూడండి, రెండు అంచులూ సమాంతరంగా కనపడాలి, ఒకటి ఓ పక్కకి వాలినట్టుంటే మెలిక ఉన్నట్టే. ఈ పని ఓపిగ్గా చెయ్యండి, ఎందుకంటే మెలిక తిరిగిన బండి స్ట్రెయిట్‌గా పోతున్నట్టే ఉంటుంది కానీ ఎడమ టర్న్‌లో ఒకలా కుడి టర్న్‌లో ఒకలా తిరుగుతుంది.

కొలతలు కాకుండా కంటికి దొరికే ఆనవాళ్ళు కూడా ఉంటాయి. నాకు అన్నిటికన్నా నమ్మకమైంది షిమ్‌ల (సందులో పెట్టే పల్చటి రేకు ముక్కల) లెక్క. ఈ బండిలో ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) లోయర్ విష్‌బోన్ బ్రాకెట్ల వెనక పెట్టే సన్నని షిమ్‌లతో సెట్ చేస్తారు, వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ట్రెయిలింగ్ ఆర్మ్ బ్రాకెట్ల దగ్గర షిమ్‌లతో సెట్ చేస్తారు. ఒక పక్క ఒకటో రెండో ఉండి ఇంకో పక్క బొత్తిగా పేర్చి ఉన్నాయంటే ఎవరో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సెట్ చేసే) షాపువాడు వంకరని షిమ్‌లతో దాచాడు. టైరు సమానంగానే అరుగుతుంది, అమ్మేవాడు అలైన్‌మెంట్ పేపర్ కూడా చూపిస్తాడు, అది అబద్ధం కాదు కానీ ఫ్రేమ్ గురించి ఏమీ చెప్పదు. అలాగే ముందు సస్పెన్షన్ టవర్ల (ముందు స్ప్రింగులు కూర్చునే, ఫ్రేమ్ మీద లేచిన స్తంభాల) దగ్గర రెయిల్ పక్కగోడ మీద వేలు పెట్టి తడమండి, చిన్న ముడతలు తగిలితే అక్కడ దెబ్బ మడతపడింది. విష్‌బోన్ బ్రాకెట్లు ఛాసిస్ నుంచి చిరుగుతూ రావడం ఈ మోడల్‌కి మామూలు జబ్బే, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టె) మౌంటింగ్ పిన్నులు పగలడం కూడా అంతే, ముఖ్యంగా ముందు కుడి వైపుది, క్లచ్ వదలగానే వెనకాల టక్‌మంటే అది చూడండి. ఇవి వంకర కావు, వెల్డింగ్ పని.

డోర్ గ్యాప్ గురించి తొందరపడకండి. పైన ఇరుకై కింద వెడల్పయితే బండి నడుమ కిందికి దిగిందని అర్థం, కానీ అది సిల్స్ (డోర్ల కింద ఉండే గడప భాగాలు) పుచ్చిపోయి బాడీ దిగిందా, ఫ్రేమ్ దిగిందా అన్నది గుండు కొలతలూ, ఎత్తుల కొలతలూ చూసే చెప్పాలి.

సరే, వంకర తేలింది. టవర్ల కంటే ముందున్న కొసలు మాత్రమే వంగితే ధర తగ్గించుకుని కొనొచ్చు, అది తేలిక పని. టవర్ల దగ్గర వంపు ఉన్నా మంచి షాపు దొరికితే కుదురుతుంది. మెలిక తిరిగి, పైగా వెనక క్రాస్ మెంబర్ పుచ్చి కూడా ఉంటే రిపేర్ లెక్కలు కట్టడం మానేసి వేరే మంచి ఫ్రేమో, కొత్తగా తయారుచేసిన ఛాసిస్సో వేసే ఖర్చు లెక్క కట్టండి, అది కూడా కలిపి బండి ధర మీకు గిట్టుబాటు అయితేనే తీసుకోండి.

షాపు వెతికేటప్పుడు పికప్ ట్రక్కుల ఫ్రేములు సరిచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, మామూలు కార్లన్నీ యూనిబాడీ (బాడీ, ఫ్రేమ్ కలిసి ఒకటే) అయిపోయాయి కానీ పెద్ద పికప్‌లకి ఇంకా విడి ఫ్రేమే, వాళ్ళకి ఈ పని చేతిలో ఉంటుంది. ముందే మూడు అడగండి: లాగక ముందు, లాగాక కొలతలు కాగితం మీద ఇస్తారా, బాడీ బోల్టులు వదులు చేసి లాగుతారా, వేడి ఎంత పెడతారు. చల్లగానే మెల్లగా కొంచెం అదనంగా లాగి వదిలితే స్టీల్ కాస్త వెనక్కొచ్చి సరైన చోట ఆగుతుంది, లాగుతూనే మడత చుట్టూ సుత్తితో తడుతూ ఉండాలి, తప్పదనుకుంటే కొంచెం వేడి, నీళ్ళు పోసి చల్లార్చడం మాత్రం అస్సలు వద్దు. వరస కూడా ఉంది, చివర పడ్డ వంకర ముందు తీస్తారు, అంటే మామూలుగా మెలిక ముందు, పక్క వంపు చివర. దయచేసి ఇంట్లో గొలుసు చెట్టుకి కట్టి లాగే ప్రయత్నం చెయ్యకండి, తెగిన గొలుసు మనిషిని చంపేస్తుంది.

బాడీ ఎత్తాల్సి వస్తే పైకప్పు లేని బండి అని గుర్తుంచుకోండి, డోర్ ఖాళీలో ముందు పోస్ట్ నుంచి వెనక పోస్ట్‌కి ఇనుప బ్రేసులు గట్టిగా బిగించాకే ఎత్తాలి, లేకపోతే బాడీ మధ్యలో మడిచినట్టు దిగిపోయి తర్వాత డోర్లు పట్టవు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసెయ్యండి, సీట్ల వెనకాల ఉండే పెట్రోల్ ట్యాంక్ కూడా పూర్తిగా బయటికి తీసెయ్యండి, ఖాళీ ట్యాంకే కదా అని వదిలేస్తే అందులో ఆవిరే అసలు ప్రమాదం.

ఫ్రేమ్ తిన్నగా అయ్యాక పాత షిమ్‌లన్నీ తీసేసి రెండు పక్కలా సమానంగా మొదలుపెట్టి అలైన్‌మెంట్ చేయించండి, విష్‌బోన్ బ్రాకెట్లకి, డిఫ్ పిన్నులకి బలం పట్టీలు అప్పుడే వేయించేస్తే మళ్ళీ విప్పే పని ఉండదు, బాక్స్ సెక్షన్ల (ఫ్రేమ్‌లో బోలు భాగాల) లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి. కొన్ని వందల మైళ్ళు తిరిగాక అవే పాయింట్ల దగ్గర మళ్ళీ గుండు వేసి కొలిచి, మొదటి కొలతల కాగితంతో కలిపి ఫైల్లో పెట్టుకోండి, రేపు మీ దగ్గర కొనేవాళ్ళకి అది చూపించొచ్చు.