ఇంట్లోనే గడ్డ పెరుగు తోడు పెట్టడం ఎలా?

పెరుగు సరిగా తోడుకోకపోతే చాలామంది ముందు పాలను అనుమానిస్తారు, తర్వాత తోడును. ఎక్కువసార్లు అసలు తేడా వచ్చేది వేడి దగ్గరే. తోడు వేసే సమయానికి పాలు ఎంత వేడిగా ఉన్నాయి, ఆ తర్వాత గిన్నె ఎంతసేపు వెచ్చగా ఉంది అన్నవి చూసుకుంటే ఇంటిల్లిపాదికీ కమ్మని పెరుగు రోజూ ఇంట్లోనే తయారవుతుంది.

కావలసినవి లీటరు పాలు, ఒకటి నుంచి మూడు టీస్పూన్ల తాజా పెరుగు. పాలు ఎంత చిక్కగా ఉంటే పెరుగు అంత గట్టిగా వస్తుంది. వెన్న తీసిన పాలు కూడా తోడుకుంటాయి గానీ పెరుగు పలుచగా ఉంటుంది. అలాంటప్పుడు రెండు మూడు చెంచాల పాలపొడి కలుపుకోవచ్చు. తోడుకు పులిసిన పెరుగు వద్దు. కొన్న పెరుగు వాడితే చక్కెర, పండ్ల రుచులు కలపని సాదా పెరుగే తీసుకోండి.

పాలు కాచడం

మందపాటి అడుగున్న గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టండి. పొంగు వచ్చాక వెంటనే దించేయకుండా మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ ఇంకో ఐదు నుంచి పది నిమిషాలు మరగనివ్వండి. దీంతో హాని చేసే సూక్ష్మజీవులు చనిపోతాయి, కొంత నీరు ఇగిరిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది. పాలలోని కొన్ని ప్రోటీన్లు ఈ వేడికి రూపు మారి, పాలను గడ్డకట్టించే కేసీన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటాయి. అందుకే బాగా మరిగిన పాల పెరుగు నీరు వదలకుండా గట్టిగా నిలబడుతుంది.

చల్లార్చడం

తొందరపడకూడనిది ఇక్కడే. పాలు 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్‌కు దిగాలి. పాలను పెరుగుగా మార్చే బ్యాక్టీరియాకు ఈ వేడి బాగా ఇష్టం. పాలు మరీ వేడిగా ఉంటే అవి చచ్చిపోతాయి, చల్లారిపోతే బద్ధకిస్తాయి. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు. శుభ్రమైన చెంచాతో ఒక చుక్క తీసి మణికట్టు లోపలివైపు వేసుకోండి. చురుక్కుమనకుండా, హాయిగా వెచ్చగా తగిలితే చాలు. చలిగా ఉన్న రోజుల్లో కాస్త వేడిగా ఉండగానే తోడు వేయడం మంచిది, ఎందుకంటే గిన్నె త్వరగా చల్లారిపోతుంది. పైన కట్టిన మీగడను అలాగే ఉంచుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు.

తోడు వేయడం

చిన్న గిన్నెలో పెరుగు వేసి, రెండు గరిటెల గోరువెచ్చని పాలు పోసి ఉండలు లేకుండా కలపండి. దాన్ని మిగతా పాలలో పోసి నెమ్మదిగా రెండుసార్లు తిప్పండి. లీటరు పాలకు వెచ్చని వాతావరణంలో ఒక టీస్పూన్ సరిపోతుంది, చలికాలంలో రెండు మూడు వేయండి. తోడు ఎక్కువ వేస్తే గట్టిగా వస్తుందనుకోవడం పొరపాటు. త్వరగా పులుస్తుంది, పలుకులు పలుకులుగా కూడా తయారవుతుంది.

కలిపిన పాలను ఒకే పెద్ద గిన్నెలో కాకుండా రెండు మూడు చిన్న గిన్నెల్లో పోసుకోవడం నాకు నచ్చే పద్ధతి. ఒక గిన్నెలో గరిటె పెట్టినా మిగతావి చెక్కుచెదరవు, తేట ఊరదు. పులుపు ఇష్టపడేవాళ్ల గిన్నెను ఇంకో గంట బయట ఉంచొచ్చు కూడా.

వెచ్చగా, కదలకుండా

మూతపెట్టి గిన్నెలను తువ్వాలుతో చుట్టండి, లేదా హాట్ బాక్సులో పెట్టండి. మధ్యలో కదపకండి, కలపకండి. బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంటే ఆ పులుపుకు కేసీన్ వలలా అల్లుకుంటుంది. కదిపితే ఆ అల్లిక తెగి నీరు బయటికొస్తుంది.

వెచ్చగా ఉంటే ఐదారు గంటల్లో తోడుకుంటుంది, చలిలో పది పన్నెండు గంటలు పట్టొచ్చు. గిన్నెను కొద్దిగా వంచి చూడండి. పాలలా పారకుండా పెరుగంతా ఒకే ముద్దగా కదిలితే తోడుకున్నట్టే. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉన్నంతసేపూ పులుపు పెరుగుతూనే ఉంటుంది. రెండు మూడు గంటలు చల్లబడితే ఇంకా గట్టిపడుతుంది.

తేడా వస్తే

ఇంకా పాలలాగే ఉంటే, గిన్నెను గోరువెచ్చని నీళ్లున్న పళ్లెంలో పెట్టి రెండు గంటలు చూడండి. పైన కాస్త తేట ఊరితే భయం లేదు, కలిపి తినొచ్చు. పెరుగు తీగలా సాగుతుంటే ఎక్కువగా తోడు వల్లే, లేదా వేడి చాలక. ఈసారి తోడు మార్చండి. బూజు కనిపించినా, గులాబీ లేదా నారింజ రంగు మచ్చ ఉన్నా, వాసన తేడాగా వచ్చినా మొత్తం పారేయండి. పైపైన తీసేసి కింది పెరుగు తినడం మంచిది కాదు.

గిన్నె భోజనాల దగ్గరికి వెళ్లకముందే, తడిలేని చెంచాతో రేపటి తోడు తీసి మూతున్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అది రెండు మూడు రోజుల్లో వాడేయాలి. అదే తోడు తిప్పి తిప్పి వాడుతుంటే కొన్నాళ్లకు పెరుగు త్వరగా పులవడం మొదలవుతుంది. అప్పుడు కొత్త తోడు తెచ్చుకోండి.